క్రాస్ మార్చాలన్నాడు

నిన్న నేను ఈ దేశపు లౌకికత్వాన్ని కాపాడాను. ఫలితంగా ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు షిఫ్టంతా ఆకలితో కూర్చుంది. నవ్వకండి, టీ ఒలుకుతుంది.

మా బావకి పికప్ బండి ఉంది. గాజువాకలో అక్క వండించిన భోజనాలు రోజూ మధ్యాహ్నం అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌కి చేరుస్తాడు. ఈ నెలలో అప్పటికే రెండుసార్లు లేటు. ఇంకొక్కసారి లేటయితే ఆర్డరు వేరేవాళ్లకే అని మేనేజరు చెప్పేశాడు. సరిగ్గా అప్పుడే బావకి జ్వరం! తాళాలు నా చేతికొచ్చాయి.

"ఒరే, క్లచ్ వదిలినప్పుడల్లా కింద టంగుమంతంది. ముందు మెకానిక్ బాబ్జీకి సూపించి, అప్పుడెల్లు," అన్నాడు దుప్పట్లోంచి.

చూపించడమా? శ్రమ గౌరవం తెలిసినవాణ్ని, నేనే బండి కింద వెల్లకిలా పడుకున్నాను. మూలకారణం వెంటనే దొరికింది: మార్కెట్ వ్యవస్థ! త్వరగా పాడయ్యేలా తయారుచేయడం, మళ్లీ కొనిపించడం. తక్షణ కారణం మాత్రం వదులుగా ఉన్న జాకీ అనిపించింది. తాడుతో బిగించి కట్టాను. బండి తీశాను. టంగ్! స్టెప్నీ బిగించాను. టంగ్!

చివరికి బాబ్జీ షెడ్డుకే వెళ్లాను. ఆయన బండి కిందకి దూరి, ఏదో పట్టుకుని రెండుసార్లు ఊపి, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"క్రాస్ పోనాది బాబూ. మార్చీయాల."

నా చూపు అద్దానికి వేలాడుతున్న చెక్క సిలువ మీద పడింది. అక్క భక్తిగా కట్టినది. కళ్లెదుట ఉన్నదాన్ని పోయిందంటాడు, పైగా మార్చాలంటాడు! నాకు ఏ మతమూ లేదు, కానీ అన్యాయం చూస్తే రక్తం మరుగుతుంది.

"ఏమన్నావ్?"

"క్రాస్ మార్చాలంతన్నాను. అదున్నంతకాలం సప్పుడు పోదు."

ఇక ఆగలేదు. విశ్వాసం వ్యక్తిగతమన్నాను. రాజ్యాంగం అన్నాను. ద్వేషానికి ఈ నేల మీద చోటు లేదన్నాను. పక్క షెడ్డువాళ్లు పని ఆపి మరీ విన్నారు.

"అది కాదు బాబూ, కింద..."

"కిందేంటి, పైనేంటి! అందరూ సమానమే!"

బాబ్జీ నోరు తెరుచుకుని చూస్తుండగానే విజయగర్వంతో వచ్చేశాను. భోజనాలు ఎక్కించుకుని బయల్దేరాను. దారంతా టంగ్ టంగ్. ప్రతి చప్పుడూ నాకు పోరాట నగారాలాగే వినిపించింది.

పరవాడ దాటాక నగారా ఆగింది. దాని బదులు ఒక్కటే పెద్ద 'ఢాం'! గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకి వెళ్లే పొడవాటి షాఫ్ట్ ఒక కొస ఊడి రోడ్డు మీద గీసుకుంటోంది. ఇంజిను అరుస్తోంది, బండి కదలదు. బావకి ఫోన్ చేశాను.

"బాబ్జీ ఏటన్నాడు?"

"క్రాస్ మార్చాలన్నాడు."

"మార్పించావా?"

"బావా, సిద్ధాంతపరంగా చూస్తే..."

జ్వరమున్న మనిషికి రాకూడని గొంతుతో కొన్ని మాటలు వినిపించాయి. అవి ఇక్కడ చెప్పలేను.

బావ కబురందుకుని బాబ్జీ స్కూటర్ మీద వచ్చాడు. జేబులోంచి ఒక ఇనుప ముక్క తీసి నా అరచేతిలో పెట్టాడు. నాలుగు కొసలు, అచ్చం కూడిక గుర్తు.

"మేం క్రాసనేది దీన్నే. షాఫ్ట్ జాయింటులో ఉంతాది. ఆ అద్దం కాడున్నదాన్ని సిలువంతారు. మా ఇంట్లో ఇంతకన్నా పెద్దదుంది. పెతి ఆదివారం నాను సర్చికెల్తాను."

నేను ఏదో అనబోయాను.

"మతం మార్చమన్లేదు బాబూ, పార్టు మార్చమన్నాను. ఆ పానా అందుకో."

అందుకున్నాను. ఆ గంటసేపు సిద్ధాంతం ఊసెత్తలేదు.

క్యాంటీన్‌కి చేరేసరికి మూడు దాటింది. సాంబారు చల్లారి తెట్టు కట్టింది. గేటు దగ్గర వందమందికి పైగా నిలబడి ఉన్నారు. పర్మినెంటు, కాంట్రాక్టు, ఏ తేడా లేదు. కార్మికులు ఏకం కావాలని నేను ఎన్ని కరపత్రాలు రాశాను! ఒక్కరూ కదల్లేదు. నిన్న అందరూ ఏకమయ్యారు. ఎదురుగా నేనున్నాను.

"అక్క వంట బాగుంతాది సార్, ఆర్డరు తియ్యొద్దు," అన్నారు మేనేజరుతో. "ఈ డ్రైవర్ని మాత్రం తీసెయ్యండి."

మేనేజరు ఒప్పుకున్నాడు. అది న్యాయమైన డిమాండు కాబట్టి, నేనూ అక్కడికక్కడే బేషరతుగా మద్దతు ప్రకటించాను.