బాబా చూడని ఆఖరి కుస్తీలు

పోయిన శనివారం పొద్దున్న, కువైటు సాల్మియాలో నేను వంట చేసే ఇంట్లో, చింతపండు నానబెట్టి, ఫోనును ఉప్పు డబ్బాకు ఆనించి సుమో పోటీలు చూసుకుంటూ ఉంటే, మా మేడమ్ గారి పెద్దమ్మాయి మంచినీళ్ళకని వచ్చి నా భుజం మీదుగా తొంగిచూసి, నవ్వు ఆపుకోలేక ఫ్రిజ్జు పట్టుకుని నిలబడింది. "పూటపూటా ప్రార్థన చేసుకునే మనిషివి, గోచీలు కట్టిన ఈ లావుపాటి మగాళ్ళని చూస్తావేంటి ఆంటీ, మీ పాస్టరు గారికి తెలుసా?" అంది. తెలుసమ్మా అన్నాను. తెలుసన్నది నిజమే, ఆ సంగతి తర్వాత చెబుతాను. ఆ పిల్ల నవ్వుకుంటూ వెళ్ళిపోయింది గాని, నాకు మాత్రం ఆ పూటంతా చేతులు పనిలో ఉన్నా మనసు ఫింటాస్‌లోని పాత మేడగదిలోనే తిరిగింది.

ఇంటికి క్యాసెట్లలో మాట నింపి పంపుకునే రోజుల్లో కువైటుకు వచ్చిన నా తోటివాళ్ళకు తెలుసు, అప్పట్లో మనల్ని ఏ పనికి తెచ్చారో విమానం దిగాక గాని తెలిసేది కాదు. నన్ను పిల్లల పనికని తెచ్చి, ఫింటాస్ అనే సముద్రపొడ్డు ఊళ్ళో ఒక ముసలాయన పక్కన కూర్చోబెట్టారు. నేను బడి మెట్లు ఎక్కినదాన్ని కాదు. నరసాపురం పక్కన మా ఊళ్ళో మా అమ్మ బైబిలు ముందు పెట్టుకుని వేలు పట్టి చదివించిన చదువే నాది. అరబ్బీ ముక్క రాదు. అలాంటిదాన్ని ఆ ఇంటి యజమానురాలు, అక్కడి పద్ధతిలో మేం మామా అని పిలిచే ఆవిడ, చెయ్యి పట్టుకుని మేడ మీదికి తీసుకెళ్ళి వాళ్ళ నాన్నగారి ఎదుట నిలబెట్టింది. అందరూ ఆయన్ను బాబా అనేవారు. నేనూ బాబా అన్నాను. నా పేరు ఆయన నోటికి తిరగక, వచ్చిన రోజే నాకో అరబ్బీ పేరు పెట్టారు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అదే పేరుతో పలికాను.

బాబా వయసులో ఉండగా చమురు రేవులో జపాను ఇంజనీర్ల కింద పనిచేశారట. వాళ్ళు ఒకసారి ఆయన్ను తమ దేశం తీసుకెళ్ళి సుమో కుస్తీలు చూపించారు. ఆ పిచ్చి ఆయన్ను వదల్లేదు. మేడ మీద పడవంత డిష్షు పెట్టించుకుని, నెల విడిచి నెల పదిహేను రోజులపాటు జరిగే ఆ పోటీలను, అక్కడ సాయంత్రం అయితే ఇక్కడ పొద్దున్నే గనుక, ఖహ్వా, అంటే వాళ్ళ కాఫీ, తాగుతూ చూసేవారు. మొదటి రోజు నేను తల తిప్పుకుని గోడవైపు కూర్చున్నాను. సిగ్గు సంగతి అలా ఉంచండి, నాకు భయం వేసింది. బరి మీద గుడి కప్పులాంటిది వేలాడుతోంది, రిఫరీ పూజారిలా పట్టుబట్టలు కట్టాడు, వస్తాదులు ఉప్పు చల్లుతున్నారు. ఇది అన్యదేవతల ఆరాధనేమో, చూస్తే నాకు దోషం అంటుతుందేమో అని శుక్రవారం కూడికలో పాస్టరు గారిని అడిగాను. ఆయన చాలాసేపు నవ్వి, "నీ జీతం పనిలో కూర్చుని చూస్తున్నావు, సాష్టాంగపడటం లేదుగా, చూడమ్మా" అన్నారు. అలా అనుమతి దొరికింది.

బాబా నాకు ఆట నేర్పిన తీరు తలచుకుంటే ఇప్పటికీ దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను. చేతిలోని జపమాలను బల్ల మీద గుండ్రంగా పరిచేవారు, అది బరి. రెండు ఫింజాన్ కప్పులు దానిలో ఎదురెదురుగా పెట్టేవారు, వాళ్ళు వస్తాదులు. అరికాలు తప్ప ఒంట్లో ఏది నేలకు తగిలినా, వలయం దాటి కాలు బయటపెట్టినా ఓడినట్టే. వలయం బయట సన్న ఇసుకను చీపురుతో దువ్వి ఉంచుతారు, మడమ సోకినా గుర్తు పడుతుంది, అబద్ధమాడటానికి వీల్లేదు అని ఆయన వేలితో బల్లను తడుతూ చెప్పేవారు. గెలిచినవాడు చేతులెత్తి ఎగరకూడదు. ఓడినవాడు ఏడవకూడదు. ఇద్దరూ వంగి నమస్కరించి తమ దారిన పోవాలి. ఎదుటివాడు మీదికి వస్తుంటే పక్కకు తప్పుకుని పడేసే వస్తాదులను బాబా అసహ్యించుకునేవారు, నాకూ ఆ అసహ్యమే పట్టింది, ఇప్పటికీ పోలేదు.

అన్నింట్లోకి నా మనసుకు దగ్గరైనవాళ్ళు పరదేశం నుంచి వచ్చిన వస్తాదులు. ఒక్కో తాలింఖానాకు ఒక్క పరదేశినే తీసుకుంటారు. వచ్చినవాడికి వాళ్ళ భాషలో కొత్త పేరు పెడతారు. తెల్లారకముందే లేచి ఊడ్చాలి, పెద్దవాళ్ళకు వండిపెట్టాలి, స్నానాల దగ్గర వీపులు రుద్దాలి, అందరూ తిన్నాక మిగిలింది తినాలి. బాబా ఇదంతా గొప్పగా చెబుతుంటే నేను తల వంచుకుని వినేదాన్ని. ఎక్కడో మంచు దేశం నుంచి వచ్చిన ఆ పిల్లలు నాకు తోబుట్టువుల్లా కనిపించేవారు. ఒక్క విషయం దగ్గర మాత్రం ఊరుకోలేకపోయాను. ఆ బరి మీద ఆడదాని పాదం పడకూడదట. వస్తాదు ఆట మానుకునే రోజున జుట్టుముడి కత్తిరించే వేడుక కూడా బరి మీదే, ఆత్మీయులంతా ఒక్కొక్కరే ఎక్కి కత్తెర వేస్తారు, కన్నతల్లి మాత్రం కింద నిలబడి చూడాలి. "మరి వాళ్ళను మోసింది ఎవరు బాబా?" అన్నాను వచ్చీరాని అరబ్బీలో. ఆయన తలగుడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, "నువ్వు చాలా మాట్లాడటం నేర్చావు" అన్నారు.

ఆ ఇంటి డ్రైవరు రాయచోటి మనిషి, నాకు తమ్ముడి వరస పెట్టుకున్నాడు. పొద్దున కారు కడిగి వంటింట్లోకి టీకి వస్తూనే మొదలుపెట్టేవాడు. "ఏమక్కా, మీ గుండోళ్ళు ఈ పొద్దు ఎవుర్ని తోసినారు? ఇద్దురూ కలిసి పడితే ఆ జపాను దేశం ఊగల్లేదా?" అనేవాడు. నీకేం తెలుసురా ఆ పట్టులు అని నేను విసుక్కుంటే, "నాకెందుకు తెలీదు, నీ పెనిమిటి పక్కన గూడా అట్ల కూర్చోనుండవు, బాబా పక్కన కూర్చోని చూస్తావంట గదా, కండ్లార్పకుండా" అని ఏడిపించేవాడు.

కళ్ళార్పకుండా చూడటానికి ఒక కారణముంది. చలి మొదలయ్యే నవంబరు పోటీలప్పుడు మధ్యాహ్నపు నమాజు వేళ ముందుకు జరుగుతుంది. అసలైన పెద్ద వస్తాదులు బరిలోకి దిగబోతుండగా మసీదులో అజాన్ వినిపించేది. బాబా మారు ఆలోచన లేకుండా టీవీ గొంతు నొక్కి, నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూకు లేచేవారు. ఆఖరి కుస్తీలు నేను చూసి, నమాజు అయ్యాక ఆయనకు చెప్పాలి. జపమాల పరిచి, కప్పులు జరిపి చూపాలి. ఎవరి చెయ్యి ఎవరి నడుము పట్టీ మీద పడింది, ఎవరి మడమ ముందు ఇసుక తాకింది, అన్నీ అడిగేవారు. ఒకసారి తెలియనిదాన్ని తెలిసినట్టు చెబితే కనిపెట్టి, "నేను లేనప్పుడు నా కళ్ళు నువ్వే. చూసింది చెప్పు, చూడంది చెప్పకు" అన్నారు. కోపంగా కాదు, నమాజు చదివి వచ్చిన మెత్తని గొంతుతోనే. అలా ఆ ఆట నా బాధ్యత అయింది.

ఆయనకు ఒక ముసలి వస్తాదంటే ప్రాణం. మేం పేరు పెట్టి పిలవక షాయిబ్ అనేవాళ్ళం, అంటే ముసలాయన అని. రెండు మోకాళ్ళకూ లావుగా పట్టీలు చుట్టుకుని, మెట్టు ఎక్కడానికే ఊపిరి బిగపట్టి వచ్చేవాడు. దెబ్బ తగిలిందని మానేస్తే, రాని రోజులన్నీ ఓడిన రోజుల కిందే లెక్క, అంతస్తు కిందికి దిగిపోతుంది. అందుకని విరిగిన వేలితో, వాచిన కాలితో వస్తారు. "మగతనమంటే అది" అనేవారు బాబా. నేనూ చాలా ఏళ్ళు తల ఊపాను.

ఒక ఏడాది వేసవిలో బాబా మెట్ల దగ్గర జారారు. దెబ్బ తగల్లేదు గాని, మామా భయపడిపోయి, ఇంకోసారి పడితే మేడగది మూసేస్తాను, కింది గదిలో మంచం వేసి చక్రాల కుర్చీ తెప్పిస్తాను అని గట్టిగా చెప్పింది. ఆమెకూ ఆయన ఒక్కరే దిక్కు. బాబాకు మాత్రం ఆ మేడగది, కిటికీలోంచి కనబడే సముద్రం, తన కాళ్ళ మీద తాను వజూకు నడిచి వెళ్ళడం, అవే మిగిలిన జీవితం.

ఆ ఏటి నవంబరు పోటీలు ముగింపుకు వచ్చాయి. అజాన్ వినబడింది, బాబా వెళ్ళారు, నేను టీవీ వైపే చూస్తున్నాను. నీళ్ళ గదిలో చప్పుడైంది. పరుగెత్తాను. తడి నేల మీద ఒక పక్కకు పడి ఉన్నారు. నేను వంగేలోగా అరచెయ్యి ఎత్తి ఆపారు. కుళాయి గొట్టం పట్టుకుని, పళ్ళు బిగించి, ఎంతసేపు పట్టిందో తెలియదు, తనంతట తానే లేచారు. నా చేతులు ఆయనకు రెండు పక్కలా గాలిలోనే ఉన్నాయి, తాకనివ్వలేదు. లేచాక గోడకు ఆనుకుని, "నువ్వేమీ చూడలేదు. మామాకు చెప్పొద్దు. ఖలాస్" అన్నారు. ఆ రోజు నమాజు కుర్చీలో కూర్చునే చేశారు. తర్వాత ఆఖరి కుస్తీల సంగతి అడిగితే, నేను చూడలేదని చెప్పాను.

మర్నాటికి ఆ కాలి పాదం బయటికి తిరిగిపోయింది. మోకాలి మీద శాలువా కప్పుకుని టీవీ ముందు కూర్చున్నారు, నుదుట చెమట, ఖహ్వా ముట్టలేదు. షాయిబ్ పట్టీలతో బరి ఎక్కుతుంటే నావైపు తిరిగి, చూశావా అన్నట్టు కళ్ళు ఎగరేశారు. నాకు ఆ క్షణాన షాయిబ్ ముఖంలో మగతనం కనబడలేదు. నొప్పి కనబడింది. ఇన్నేళ్ళూ నొప్పినే చూస్తూ దానికి వేరే పేరు పెట్టుకున్నామనిపించింది.

వంటింట్లో డ్రైవరు తమ్ముడికి చెప్పాను. వాడు ఆ రోజు ఏడిపించలేదు. "చెప్తే పెద్దాయన నిన్ను జన్మలో నమ్మడు. చెప్పకుంటే రేపు ఏమన్నా అయితే మామా నిన్ను పోలీసోళ్ళకు పట్టిస్తాది. ఎట్లజేసినా చెడ్డే, గమ్మునుండక్కా, దేవుడే చూసుకుంటాడు" అన్నాడు. నేను గాసు పొయ్యి దగ్గరే కళ్ళు మూసుకున్నాను. నాకు దర్శనమేమీ కలగలేదు. ఆయన కాలు మాత్రం కళ్ళ ముందు కదిలింది. చేతులు తుడుచుకుని వెళ్ళి మామాకు చెప్పాను, నిన్న మధ్యాహ్నం పడ్డారు, నన్ను లేపనివ్వలేదు, ఎముక కదిలినట్టుంది అని.

మామా కేకలు వేసుకుంటూ మెట్లెక్కింది. అంబులెన్సు వచ్చింది. మనుషులు ఆయన్ను స్ట్రెచరు మీద దించుతుంటే బాబా నావైపు ఒకసారి చూశారు. కోపమైనా ఉంటే నాకు బాగుండేది. తెలియని మనిషిని చూసినట్టు చూసి, ముఖం తిప్పుకున్నారు.

తుంటి ఎముక విరిగిందన్నారు. ఇంకో రోజు నడిచి ఉంటే రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి వచ్చేదన్నారు. ఆపరేషను చేసి ఇంటికి పంపారు గాని ఆయన మళ్ళీ నడవలేదు. మామా అన్నంత పనీ చేసింది. మేడగదికి తాళం పడింది, కింద గదిలో మంచం, ఎదురుగా టీవీ. నన్ను పనిలోంచి తీసెయ్యలేదు, సరికదా నా రెండు చేతులూ పట్టుకుని, "మా నాన్నను నాకు ఇచ్చావు" అంది. ఆ మాటకు నేను నేటికీ కృతజ్ఞురాలిని. కాని ఆ నాన్న నా చేతి అన్నం తినేవారు, నా చేత మందు వేయించుకునేవారు, నాతో మాట్లాడేవారు కాదు.

జనవరి పోటీలు వచ్చాయి. నేను టీవీ పెట్టాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. రోజూ ఆఖరి కుస్తీ అయ్యాక, అడగకపోయినా, మంచం పక్కన కూర్చుని చూసింది చూసినట్టు చెప్పేదాన్ని, జపమాల తాకకుండా ఉత్త మాటలతోనే. ఒక రోజు షాయిబ్ పేరు పిలిస్తే ఎవరూ రాలేదు. ఎదుటివాడికి ఊరికే గెలుపిచ్చి పంపారు. అదే చెప్పాను. "షాయిబ్ మోకాలు బాగాలేదట బాబా, ఇక రానన్నాడట."

గోడవైపు నుంచే గొంతు వచ్చింది. "ఓడిపోయాడు."

"ఓడలేదు బాబా, రానన్నాడు" అన్నాను.

"అదే ఓడిపోవడం" అన్నారు.

నాతో ఆయన మాట్లాడిన ఆఖరు మాట అదే. మార్చి పోటీలు మొదలు కాకముందే నిద్రలో పోయారు. వాళ్ళ ఆచారం ప్రకారం మగవాళ్ళు ఆ రోజే తీసుకెళ్ళి ఖననం చేశారు. నేను గేటు లోపల నిలబడి చూశాను.

ఇప్పుడు ఆ ఫింటాస్ ఇంటి చోట అద్దెల బిల్డింగు లేచింది. సుమో కూడా మారింది. ఈ మధ్య వస్తాదులు నొప్పి అంటే ఆగిపోతున్నారు, తల తగిలి పడినవాణ్ణి డాక్టరు వచ్చేదాకా కదపకుండా ఉంచుతున్నారు, వెనకటిలా లేచి వంగి నమస్కరించి తీరాలని ఎవరూ పట్టుబట్టడం లేదు. మన పనివాళ్ళలో కూడా ఒళ్ళు బాగాలేదని నోరు తెరిచి చెప్పేవాళ్ళు కొందరు కనబడుతున్నారు. మేం చెప్పలేదు, చెప్పవచ్చని మాకు తోచనే లేదు. ఇది మంచి మార్పని నేను నమ్ముతాను, ఇందుకోసం ప్రభువును స్తుతిస్తాను కూడా. నమ్మని మనిషి ఒకరుండేవారు. ఎదురుగా కూర్చుని ఆయన్ను ఒప్పించాలని నాకు ఈనాటికీ ఉంటుంది. ఆ రోజు చెప్పకుండా ఉంటే ఆయన ఇంకో నాలుగడుగులు తన కాళ్ళ మీద వేసి, నా మీద నమ్మకంతోనే పోయేవారు. చెప్పాను గనుక చలికాలమంతా బతికి, నన్ను కాదనుకుని పోయారు. మళ్ళీ ఆ రోజే వస్తే మళ్ళీ చెబుతాను. చెప్పి, మళ్ళీ ఆ గోడవైపు తిరిగిన వీపు పక్కనే కూర్చుంటాను.