తుపాకీ లేని రకం

మొన్న మంగళవారం పొద్దున కోరుట్ల నుంచి మా అక్క ఫోన్ చేసింది. "మీ బావ పోయిండురా" అని చెప్పి పెట్టేసింది. ఊపిరితిత్తులకు నీరు పట్టి జగిత్యాల దవాఖానలో పడి ఉన్నాడు కనుక ఆ మాట వస్తుందని తెలుసు. తెలిసినా, సిరిసిల్లలో నేను నడిపే మరమగ్గాలు, మా సాంచాలు ఆపేసి బస్సెక్కాక గాని ఏడుపు రాలేదు.

బావ కోరుట్లలో డ్రాయింగ్ సారు. ఊళ్లో చాలామందికి ఆయన రాసిన దుకాణాల బోర్డులు గుర్తు. నాకు మాత్రం ఒక రష్యా ఫిరంగి బండి గుర్తు.

ఆయన తమ్ముడు మస్కట్ నుంచి సెలవు మీద వస్తూ ఒక ప్లాస్టిక్ బొమ్మ పెట్టె తెచ్చాడు. ముక్కలను జిగురుతో అతికించుకుంటే ఎస్‌యూ-85 అవుతుంది. ట్యాంకు లాంటిదే, కానీ మీద తిరిగే బురుజు ఉండదు. ఫిరంగి ముందు గోడలోంచి నేరుగా పొడుచుకొచ్చి ఉంటుంది. బావ దాన్ని దసరా సెలవుల్లో కట్టేశాడు. తర్వాత ఏదో పాత పత్రికలో ఎస్‌యూ-100 ఫొటో చూశాడు. బండి అదే, ఫిరంగి ఇంకా పొడుగు. కమాండర్ తల పెట్టి చూసే గుండ్రటి గూడు కుడిపక్క గోడ మీంచి బయటికి ఉబికి ఉంటుంది. ఇంకో పెట్టె దొరికే దారి లేదు. కట్టిన బండినే కోశాడు.

బ్రష్షు కర్రను చెక్కితే ఫిరంగి అయింది. పెన్ను మూతను నిలువునా కోసి పక్కన అతికిస్తే గూడు అయింది. సందులు పూడ్చడానికి జిగురులో మొహం పౌడరు కలిపాడు. "నా పౌడరంత బండికే పూస్తుండు" అని అక్క నాకు ఫిర్యాదు చేసింది.

మేనల్లుడు అప్పటికి జగిత్యాల కాలేజీలో చదువుతున్నాడు. సెలవుకు వచ్చి అది చూసి, "మంచిగున్నదాన్ని కోసుడెందుకు బాపూ?" అన్నాడు.

"కింది బండి ఒక్కటేరా. మీదిదే మారుతది" అన్నాడు బావ తల ఎత్తకుండా. కోసే ముందు చాలాసేపు చూసేవాడు. బడిలో పిల్లలకూ అదే చెప్పేవాడట: "ముందుగాల సూడుండ్రి. చెయ్యి ఆఖర్ల పెట్టుండ్రి."

ఆ మరుసటి ఏడు మేనల్లుడు హాస్టల్ నుంచి ఇంటికి రాలేదు. అడవికి పోయి అన్నలలో కలిశాడని అతని దోస్తు వచ్చి చెప్పాడు.

పోలీసులు వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఇల్లంతా చిందరవందర చేశాక ఎస్సై అల్మారా మీది బండిని చేతిలోకి తీసుకున్నాడు.

"ఇదేంది?"

"బొమ్మ సార్. నేనే చేసిన."

"ఏ దేశంది?"

బావకు అబద్ధం రాదు. "రష్యాది సార్."

"అయితే కొడుక్కు గురువు ఇంట్లనే ఉన్నడు" అన్నాడు ఎస్సై. బండినీ బావనూ కలిపే జీపెక్కించారు.

కొన్నాళ్లకు వదిలిపెట్టారు. బండిని పాత పేపర్లో చుట్టి పట్టుకొని, గోడ ఆసరాతో నడుచుకుంటూ వచ్చాడు. బండి ఫిరంగి మొదలు దగ్గర విరిగిపోయి ఉంది. లోపల ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు. నన్ను మాత్రం ఒకటి అడిగాడు.

"బామ్మర్దీ, వాడు గీ బండిని సూసే పోయిండంటవా?"

"నీ బండి దిక్కు వాడెన్నడు సూసిండు బావా? వాడు సూసింది బయట."

తల ఊపాడు. నా మాట ఆయన మనసుకు ఆనలేదని తెలుస్తూనే ఉంది.

వానాకాలంలో అడవిలో కాల్పులు జరిగాయి. పోలీసులు కబురు పెడితే, శవాన్ని చూడడానికి బావతో నేనూ వెళ్లాను. మొహం పోల్చేట్టు లేదు. బావ వంగి చాలాసేపు చూశాడు. చివరికి చెవి చూసి, "మావోడే" అన్నాడు. ఆ తర్వాత బడిలో బోర్డు మీద మనిషి బొమ్మ వెయ్యలేదు. చెట్లు, కుండలు, పక్షులు నేర్పించాడు.

రెండేళ్ల తర్వాత, సన్నటి నూలు కావాలని సిరిసిల్లకు కబురు పంపాడు. పట్టుకెళ్లాను. బండి బల్ల మీద ఉంది. విరిగిన ఫిరంగిని మొదలంటా తీసేశాడు. ఆ రంధ్రానికి ప్లాస్టిక్ రేకు అతికించి, అంచులు కనబడకుండా అరగదీశాడు.

"తుపాకి తీసేసినవా బావా?"

"తుపాకి లేని రకం గూడ ఉన్నది బామ్మర్దీ. లడాయి అయిపోయినంక గట్ల మార్చిన్రట. బురదల దిగవడ్డ బండ్లను ఒడ్డుకు గుంజుకొచ్చేటందుకు."

అక్క వంటింటి గడపలో నిలబడి విన్నది. లోపలికి వెళ్లిపోయింది. నేను పోగులు పట్టుకుంటే బావ మెలితిప్పాడు. ఆయన కుడిచేతి వేళ్లు సరిగా ముడుచుకునేవి కావు. పని సాయంత్రం దాకా పట్టింది. తాడును బండికి కట్టి, దాని కొసకు తీగ వంచి కొక్కెం చేసి, బండిని వీధివైపు కిటికీలో పెట్టాడు. మళ్లీ ఏ రకంలోకీ మార్చలేదు.

మంగళవారం నేను వెళ్లేసరికి బావను ఆ కిటికీ కిందే పడుకోబెట్టారు. జనం మధ్య నాకు కూర్చోవడానికి గోడ పక్క చోటు దొరికింది. కిటికీ అంచు దాటి నూలు తాడు కిందికి వేలాడుతోంది. ఫ్యాను గాలికి దాని కొసన ఉన్న ఖాళీ కొక్కెం కదులుతూ, మెల్లగా గోడకు తగులుతోంది.