కబ్బన్ పార్కులో అమ్మ

రెండేళ్లకు పైగా మా అమ్మను మేము బెంగళూరు కబ్బన్ పార్కులోనే చూశాం. ఊళ్లో ఎవరైనా అమ్మ ఏదని అడిగితే తమ్ముడు ‘చెట్లకాడ’ అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నాయనను కన్న మా అవ్వ మాత్రం నవ్వేది కాదు.

మాది యాడికి దగ్గర చిన్న పల్లె. వరసగా వానలు ఎగ్గొట్టిన కాలం అది. మాకున్న ఒక్క బోరూ ఎండిపోయింది. నాయన విత్తిన శనగకాయ మొలిచి, జానెడు ఎదిగి, అక్కడే మాడిపోయింది. ఎద్దులకు మేత కూడా చేతికి రాలేదు. మా ఊరినుంచి బెంగళూరు వెళ్లి ఇళ్లల్లో పనిచేసే ఒకామె అమ్మకు కబురు పంపింది. అక్కడ తెలుగువాళ్ల ఇంట్లో ఆడపిల్ల పుట్టింది, భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలు, బిడ్డను చూసుకుంటూ ఇంట్లోనే ఉండే మనిషి కావాలని.

తమ్ముడికి అప్పటికి రెండేళ్లు నిండలేదు. ఇంకా పాలు తాగేవాడు. వెళ్లబోయే ముందు అమ్మ వేపాకు నూరి రొమ్ములకు రాసుకుని వాడిచేత పాలు మాన్పించింది. వాడు నోరు పెట్టి, చేదు తగిలి, అమ్మ ముఖంలోకి చూసి ఏడ్చేవాడు. అవ్వ వాణ్ణి ఎత్తుకుని వీధిలోకి పోతే, అమ్మ పశువుల కొట్టంలోకి వెళ్లి కూర్చునేది. పాలు మానడం పూర్తయిన వారానికే ఆమె బస్సెక్కింది. నాకు పదేళ్లు. అమ్మ ఎక్కడికి పోతుందో, ఎందుకు పోతుందో నాకు తెలుసు. వాడికి తెలియదు.

ఆ ఇంటివాళ్లు మంచివాళ్లే. మమ్మల్ని ఇంటికే రమ్మన్నారట. కానీ అది మేడ మీద చిన్న ఇల్లు. ముగ్గురం పోయి అక్కడ ఎక్కడ కూర్చోవాలో తెలియదని అమ్మకు బిడియం. ఆదివారం ఆమెకు సెలవు. అందుకని పార్కు. రెండు మూడు నెలలకొకసారి నాయన మమ్మల్ని గుత్తిలో రైలెక్కించి తీసుకుపోయేవాడు. తెల్లారేసరికి బెంగళూరు.

మొదటిసారి ఆ పార్కులోకి అడుగుపెట్టినప్పుడు నాకు భయమేసింది. తెల్లదొరల కాలంలో వేసిన తోట అది. మా వైపు నీడంటే ఒక వేపచెట్టు, లేకుంటే గట్టు మీద తుమ్మచెట్టు. ఇక్కడ తల పైకెత్తితే ఆకాశం కనిపించలేదు. చెట్టు వెనక చెట్టు, దాని వెనక ఇంకో చెట్టు, నడుమ ఎర్రరంగు పెద్ద పెద్ద కట్టడాలు. చెట్ల కింద కుటుంబాలకు కుటుంబాలు దుప్పట్లు పరుచుకుని క్యారియర్లు విప్పుకుని కూర్చున్నాయి. తండ్రులు పిల్లలతో బంతులాడుతున్నారు. ఎక్కడో పిల్లల రైలు కూత వేసింది. నాయన చెప్పులు విడిచి, రాలిన ఆకులను కాలితో పక్కకు తోసి, వంగి ఇంత మన్ను చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని పిసికి నాకు చూపించాడు.

“చూడు పాపా, ఎంత తడి ఉండాదో ఈడ” అన్నాడు.

అమ్మ వెదురు పొదల దగ్గర మా కోసం ఎదురుచూసేది. ఆ ఇంట్లో పొద్దున్నే లేచి చిత్రాన్నం కలిపి తెచ్చేది. నా తల విప్పి, పేలు చూసి, గట్టిగా జడ వేసేది. మొదట్లో తమ్ముడు ఆమె ఒడి దిగేవాడు కాదు. సాయంత్రం విడదీసేటప్పుడు గొడవగా ఉండేది. నాయన వాణ్ణి భుజాన వేసుకుని వెనక్కి చూడకుండా నడిచేవాడు. రానురాను ఆ ఏడుపు తగ్గింది. వాడికి బుద్ధి వస్తోందని మేమంతా అనుకున్నాం.

ఒక చలికాలం మేము వెళ్లేసరికి మధ్యలో చాలా నెలలు గడిచిపోయాయి. అవ్వకు కాలు విరిగి మంచాన పడడంతో ప్రయాణం కుదరలేదు. తమ్ముడికి అప్పుడు మూడేళ్లు దాటాయి. ఆ రోజు అమ్మ ఒంటరిగా రాలేదు. చంకలో ఆ ఇంటి పాప ఉంది. వాళ్లు ఏదో పెళ్లికి పోతూ, పాపను వెంట తీసుకుపోతే అమ్మ సెలవు మానుకోనక్కర్లేదన్నారట. తెల్లగా, బొద్దుగా, ఊలు టోపీ పెట్టుకుని ఉంది ఆ పిల్ల. అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. కన్నతల్లిని మమ్మీ అంటుందట. మా అమ్మను అమ్మా అంది.

తమ్ముడు నాయన కాళ్ల వెనక్కి పోయాడు. అమ్మ ఒక చేత్తో పాపను పట్టుకుని, గొంతుకూర్చుని, రెండో చెయ్యి చాపింది. వాడు నాయన పంచె పట్టుకుని లాగి అడిగాడు.

“ఎవరు నాయనా, ఆయమ్మ?”

నాయన వాడి తల మీద చెయ్యి వేశాడు. “మీ అమ్మ కదప్పా” అన్నాడు.

అమ్మ నవ్వింది. మర్చిపోయినాడులే, చిన్నోడు కదా అంది. చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని పాప టోపీ సర్దింది.

రైలెక్కితే వాడికి హుషారొస్తుందని అమ్మే అంది. అందరం పిల్లల రైలు దగ్గరికి పోయాం. నాయన ఎక్కలేదు, కంచె దగ్గర నిలబడ్డాడు. అమ్మ రైలు పెట్టెలో కూర్చుని ఒక తొడ మీద పాపను, ఇంకో తొడ మీద తమ్ముణ్ణి పెట్టుకుంది. నేను ఎదురుగా కూర్చున్నాను. రైలు కదిలిందో లేదో పాప తమ్ముణ్ణి చూసి ఏడుపు లంకించుకుంది, రెండు చేతులతో వాణ్ణి నెట్టింది. అమ్మ చెయ్యి చప్పున పాప వీపు మీదికి పోయింది. ఊరుకో తల్లీ, ఊరుకో అని జోకొట్టింది. అది ఆలోచించి చేసిన పని కాదు. రోజూ చేసే చెయ్యి, అలా పోయింది. తమ్ముడు ఏడవలేదు. మెల్లగా ఆమె ఒడిలోంచి జారి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. అమ్మ వాడివైపు చూసింది, తర్వాత తన చేతివైపు చూసుకుంది. రైలు చెట్ల మధ్యగా తిరుగుతోంది. కంచె దగ్గరికి వచ్చినప్పుడల్లా నాయన తువ్వాలు ఊపుతున్నాడు. ఆయనకేమీ తెలియదు.

అన్నం తినేటప్పుడు అమ్మ ముద్ద ముట్టలేదు. పాప నిద్రపోయాక, నన్ను చూడకుండా నాయనతో అంది.

“నన్నూ పిల్సుకపో. ఈ పొద్దు రైలుకే వస్తా.”

నాయన చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. “వచ్చి ఏం తినల్లమ్మే అందరమూ? బోరు ఎండిపాయ. వాన పడినంక నేనే వచ్చి పిల్సుకపోతా.”

నాయన తప్పు మాట్లాడాడని నేను ఇప్పటికీ అనుకోను. సాయంత్రం అమ్మ పాపను భుజాన వేసుకుని బస్టాపు వైపు వెళ్లింది. తమ్ముడు నాయన కొనిచ్చిన బూర ఊదుకుంటూ మాతో నడిచాడు.

వాన ఆ మరుసటేడు పడింది. నాయన అన్నమాట ప్రకారం వెళ్లి అమ్మను తీసుకొచ్చాడు. ఊళ్లో అందరూ సంతోషించారు. తమ్ముడు చెప్పిన మాట వినే పిల్లవాడు. అమ్మా అని పిలవమంటే పిలిచాడు. కానీ ఆకలైతే అవ్వ దగ్గరికి పోయేవాడు, దెబ్బ తగిలితే నా దగ్గరికి వచ్చేవాడు. అవ్వ మంచంలోనే నిద్రపోయేవాడు. అమ్మ వాణ్ణి బలవంతం చెయ్యలేదు. తానే వస్తాడని చూసింది. నాలుగింటి వేళ, పాపకు పాలు పట్టే పొద్దులో కాబోలు, ఆమె చేస్తున్న పని ఆపి కాసేపు ఊరికే కూర్చునేది. ఆ పిల్లకోసం ఏడవడానికి మా ఇంట్లో ఆమెకు చోటు లేదు. నేను పెద్దదాన్నయ్యాక గానీ ఆ సంగతి నాకు తట్టలేదు.

తమ్ముడు ఏడో తరగతికి హాస్టల్లో చేరాడు. బస్సు దగ్గర అవ్వను కావలించుకుని ఏడ్చాడు. అమ్మ పక్కనే సంచి పట్టుకుని నిలబడి ఉంది. ఆమె చేతిలోంచి సంచి అందుకుని, పోయొస్తామ్మా అన్నాడు, మర్యాదగా. బస్సు వెళ్లిపోయాక నాయన, దసరాకు వస్తాడులే అన్నాడు.

“వస్తాడు” అంది అమ్మ. “మీ అమ్మకోసం వస్తాడు.”

ఆ మాటలో కోపం లేదు. అవ్వ చెయ్యి పట్టుకుని, గతుకుల దారిలో ఆమెను జాగ్రత్తగా నడిపించుకుంటూ ఇంటివైపు వెళ్లింది.