పొగలో కాళ్లు

కళ్లద్దాల దుకాణంలో గుమాస్తా ఆయన. గాలి గట్టిగా వీస్తే గొడుగుతో పాటు తానూ పోయేలా ఉంటాడు. ఇంటికి రాగానే అద్దంలో చీపురుపుల్లలాంటి తన చేతిని చూసుకుంటూ, కాగితం మీద మాత్రం గుమ్మడికాయలంత కండలున్న కామిక్ పుస్తకాల వీరవనితలను గీస్తాడు. వాళ్లు లారీలెత్తుతారు, వంతెనలు మోస్తారు. పాదాలు గీయడం ఆయనకు చేతకాదు కనుక అందరికీ మోకాళ్ల కింద పొగ పెట్టేస్తాడు. ప్రతి ఆదివారం, బొమ్మలు వేసేవాళ్లంతా చేరే చోట మూడేళ్లుగా ఒకటే మాట: "కండలున్నాయి గురువా, బలమే లేదు." ఈసారైనా ఆ మాట పడకూడదని శనివారం మధ్యాహ్నం ఆరోసారి చెరిపి గీస్తుంటే, ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో రోగులను ఎత్తి పడుకోబెట్టిన అత్తగారు తొంగిచూసింది.

"కాళ్లేవి అల్లుడుగారూ?"

"పొగలో ఉన్నాయత్తయ్యా."

"పొగలో నిలబడి లారీ ఎత్తుతుందా? బరువు మోసేది మడమలు నాయనా, చేతులు ఊరికే పట్టుకుంటాయి." ఆవిడ చెప్పులు విడిచి ఎదురుగా వచ్చి, కుర్చీ చేతులు పట్టుకుని ఆయనతో సహా జానెడు పైకి లేపింది. ఆయన భయపడలేదు. తల వంచి ఆవిడ పాదాలు గీసుకోసాగాడు.

"గీసేదాకా మోయాలా?"

"ఇంకొక్క వేలు, అత్తయ్యా."

ఆదివారం అందరూ ఆ బొమ్మను చాలాసేపు చూసి, "ఈవిడ ఎత్తుతుంది" అన్నారు. ఆయన ఇంటికొచ్చి ఆ మాట చెప్పి బొమ్మ చూపించాడు. నెత్తిమీది లారీ, ముసుగు, కండలు అన్నీ చూసుకుంటూ వచ్చి అత్తగారి చూపు అట్టడుగున ఆగింది.

"అంతా బాగుంది గానీ, నా మడమల పగుళ్లు నలుగురికీ చూపించి వచ్చారా?"