ఏడు రోజుల పెరోల్

క్విట్ ఇండియా రోజుల్లో జైలుకు పోయిన మా అన్నను, మంచం పట్టిన అమ్మ దగ్గరికి రప్పించడానికి అర్జీ రాసింది నేనే. చిత్తూరు గ్రంథాలయంలో నిఘంటువు తిరగేసి, పెరోల్ అంటే తిరిగొస్తానని ఖైదీ ఇచ్చే మాట అని తెలుసుకొని గర్వపడ్డాను. ఏడు రోజులు చాలని రాశాను. అమ్మ బతకదని అందరికీ తెలుసు. అయినా ప్రాణమున్న మనిషికి కర్మ దినాలు కలిపి అడగడం అశుభమనిపించింది.

అన్న వచ్చిన మూడో రోజు అమ్మ పోయింది. తలకొరివి అన్నే పెట్టాడు. పెట్టినవాడే పదోనాడు పిండం పెట్టాలి. పెరోల్ గడువు తీరేసరికి పదోనాటికింకా ఐదు రోజులున్నాయి.

మామ వాకిలికి అడ్డం నిలబడ్డాడు. "యాడికి పోతావప్పా, మైలతో? ఐదు దినాలు ఆలిస్యమైతే ఉరేస్తారా?"

"సంతకం పెట్టినాను మామా. నేను మాట తప్పితే, రేపు ఇంకొకడి తల్లి సస్తే వాణ్ణి వదల్తారా?" అన్నాడు అన్న.

ఆ సాయంత్రమే వెళ్లిపోయాడు.

పదోనాడు పిండం నేను పెట్టాను. కాకి ముట్టలేదు.

"పెద్దోని కోసం సూస్తా ఉండాది మీయమ్మ" అన్నాడు మామ.

మధ్యాహ్నం దాకా ఎండలో కూర్చొని, చివరికి పిండాన్ని ఏట్లో కలిపి ఇంటికొచ్చాం.