ఎల్లారెడ్డి తరగతిలో ఆరో బొమ్మ

దయ్యాలంటే నాకు నవ్వు. కామారెడ్డిలో ఇన్నేళ్లు డాక్టరుగా ఉన్నాను. పోయినవాళ్లెవరూ తిరిగొచ్చి మందు చీటీ అడగలేదు. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో కూడా దయ్యమేమీ లేదు. ఉంటే కొట్టిపారేసి హాయిగా నిద్రపోయేవాణ్ని.

ఎనభైల మొదట్లో ప్రతి గురువారం బస్సెక్కి ఎల్లారెడ్డి వెళ్లి, చుట్టుపక్కల ఊళ్ల మంత్రసానులకు పాఠం చెప్పేవాణ్ని. వాళ్లకు చదువు రాదు. నాకేమో బొమ్మల పిచ్చి. ఆదివారాలు ఇంట్లో కూర్చుని అట్టల మీద నీటిరంగులతో ఆరు బొమ్మలు వేశాను. చేతులు కడుక్కోవడం నుంచి బొడ్డు కోయడం దాకా ఐదు. కాన్పయ్యాక మాయ పడకపోతే ఏమవుతుందో ఆరోది చూపిస్తుంది. చాప మీద ఆకుపచ్చ చీరలో చనిపోయిన బాలింత, పక్కన బిడ్డ.

ఆ ముఖం ఎవర్నీ చూసి వేసింది కాదు. వేస్తుంటే కుంచె నుంచి ముదురు రంగు చుక్క ఒకటి ఎడమ కనుబొమ్మ మీద పడింది. అట్ట పారేయడం ఇష్టంలేక దాన్నే కాలిన మచ్చగా దిద్దాను.

తరగతిలో ఆ బొమ్మ తీయగానే ఆడవాళ్లంతా ముఖాలకు కొంగులు కప్పుకున్నారు. అందరికన్నా పెద్దది సాయవ్వ. లేచి వచ్చి అట్టను గోడవైపు తిప్పేసింది.

"గట్ల గీయద్దు సారూ. పేరు లేని పీనుగు బొమ్మ ఎవరినో ఒకలను ఎతుక్కుంటది."

"అయితే నీ పేరే పెడతాలే అవ్వా" అన్నాను. ఒక్కరూ నవ్వలేదు. నాకు ఒళ్లు మండింది. వినకపోతే మీ ఖర్మ అని పాఠాన్నీ, గోడవైపు తిరిగిన ఆ అట్టనూ అక్కడే వదిలేసి బస్సుకు వెళ్లిపోయాను. నిజానికి చెప్పాల్సింది ఒక్క మాటే. మాయ పడకపోతే ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ మాట ఆ రోజే కాదు, తర్వాత కూడా చెప్పలేదు.

రెండు నెలల తర్వాత ఒక గురువారం మధ్యాహ్నం ఎడ్లబండి ఒకటి వచ్చి తరగతి గది ముందు ఆగింది. సాయవ్వ తన ఊరి పిల్లను తెచ్చింది. తెల్లవారుజామున కాన్పయింది, ఆడబిడ్డ. మాయ పడలేదు. డోకు వస్తే పడుతుందని జడ కొస నోట్లో కుక్కి, కాసేపు చూద్దాం, ఇంకాసేపు చూద్దాం అని పొద్దెక్కేదాకా కూర్చున్నారు. బండిలో పరిచిన గడ్డి నిండా రక్తం.

చాప మీద పడుకోబెట్టి నా చేత్తోనే మాయ తీశాను. రక్తం ఆగలేదు. పిడికిలితో పొత్తికడుపు అదిమిపట్టి, జీపు కోసం మనిషిని పంపాను. రక్తం ఎక్కించాలంటే కామారెడ్డి పోవాలి. దేవుణ్ని నమ్మనివాణ్ని, ఆ గంటలో నేను మొక్కని దేవుడు లేడు.

సాయవ్వ ఆ పిల్ల ముఖంలోకే చూస్తోంది. ఉన్నట్టుండి గోడ దగ్గరికి వెళ్లి ఆరో అట్టను ఇటు తిప్పింది.

అదే ముఖం. ఆకుపచ్చ చీర ఎవరైనా కట్టుకుంటారు, దాన్ని నేను పట్టించుకోను. కానీ ఎడమ కనుబొమ్మ మీద, సరిగ్గా ఆ చోటనే, కాలిన మచ్చ. పొత్తికడుపు మీద నా పిడికిలి సడలిపోయింది. ఎంతసేపో నాకు తెలియదు. "సారూ, చెయ్యి తీయకు!" అని సాయవ్వ అరిస్తే తెలివి వచ్చింది. జీపు వచ్చేసరికి ఆ పిల్ల ప్రాణం పోయింది.

తర్వాత ఆరా తీశాను. పెళ్లయి ఆ ఊరికి వచ్చి ఏడాది. కామారెడ్డి ఎన్నడూ చూడలేదు. చిన్నప్పుడు వేడి గంజి పడి కనుబొమ్మ కాలిందట. నా పాత రిజిస్టర్లన్నీ తిరగేశాను. ఆమె పేరు ఎక్కడా లేదు.

పదో దినం అయ్యాక గురువారం నాడు ఆమె తల్లి బిడ్డను చంకనేసుకుని వచ్చింది. ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదట, సాయవ్వ చెబితే అట్ట ఇమ్మని అడగడానికి వచ్చింది. బొమ్మ ముందు కూర్చుని ఆ మచ్చ మీద వేలు పెట్టి చాలాసేపు నిమిరింది.

"నా బిడ్డ ఎన్నడొచ్చి కూసున్నది సారూ నీ ముంగట? గిట్లయితదని నీకు ముందే ఎరుకైతే నాకొక్క మాట చెప్పకపోతివి?"

ఆమె నా దగ్గరికి ఎప్పుడూ రాలేదమ్మా అన్నాను. ఆ తల్లి నమ్మలేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ నమ్మను. ఆ బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. చెప్పాల్సిన ఆ ఒక్క మాట మాత్రం ముందే తెలుసు, చెప్పలేదు.