టైలరమ్మ స్పానిష్ పాట

పెదవుల మధ్య గుండుసూదులు పట్టుకుని పనిచేసే టైలరమ్మ దుకాణంలో ఒకప్పుడు మిషను చప్పుడు తప్ప మరేదీ వినిపించేది కాదు. ఆమధ్య ఫోనులో ఒకటి నొక్కబోయి మరొకటి నొక్కితే స్పానిష్ పాట మొదలైంది. గిటార్లు, ఆర్గాన్, ఉన్నట్టుండి మారిపోయే తాళం; జాకెట్టు చేతులు రెండూ కుట్టేసినా పాట అవలేదు. ప్రోగ్రెసివ్ రాక్ అంటారని కూతురు చెప్పింది. ఇక రోజూ అవే పాటలు, మిషను తొక్కే పాదానికి కొత్త ఊపు.

ఒకరోజు బావగారు వచ్చి ఫోను ఆపేశారు. "ఒక్క ముక్కైనా అర్థమవుతుందా? ఈ వయసులో ఈ గోలేంటమ్మా? నలుగురూ నవ్వుతున్నారు!"

ఆవిడ సూదులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది.

"ఇన్నేళ్ళూ అర్థమయ్యే మాటలే పడ్డాను బావగారూ. ఇక అర్థంకానివి వింటాను."

పాట మళ్ళీ మొదటినుంచి పెట్టి, సౌండు పెంచి, వీధి తలుపు బార్లా తెరిచింది.